స్పిరిట్‌తో తుడిచిన సన్నాయి రికార్డు

మొన్న మా కోడలు నంద్యాల ఇంటికి ఒక రికార్డు ప్లేయరు కొనుక్కొచ్చి, అటక మీద ఏళ్ల తరబడి మగ్గుతున్న మా మైకుసెట్టు రికార్డులను దింపించి, వీటిని పాడు చేయకుండా తుడవడం ఎలాగని నన్నడిగింది. మైకుసెట్టు వాళ్లింట్లో పుట్టినవాడికి ఆ మాత్రం తెలియదా అని ఆమె నమ్మకం. తీరా ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాక నాకే ఏమీ తోచలేదు. ఫోనులో ఒకాయన స్పిరిట్ కలిపిన నీళ్లతో తుడవమన్నాడు, ఇంకొకాయన స్పిరిట్ చుక్క తగిలినా రికార్డు పోయినట్టేనన్నాడు. నా జ్ఞాపకాల్లోనూ ఇదే గందరగోళం. మా నాయన స్పిరిట్‌తో తుడిచిన రికార్డు పాడైపోయింది, అదే స్పిరిట్‌తో మా అన్న ఆ తర్వాత ఎన్నో తుడిచాడు, ఒక్కటీ చెడలేదు.

ఆళ్లగడ్డలో మా నాయనకు మైకుసెట్టు అంగడి ఉండేది. ఉయ్యాలవాడ దాకా ఏ ఊళ్లో పెండ్లి అయినా, బస్సు పైన గ్రామఫోను పెట్టె, మైకులు ఎక్కించుకుని మేమే పోయేవాళ్లం. ఒకసారి దొర్నిపాడులో ఒక పెండ్లికి మేళగాళ్లు రాలేదు, తాళి కట్టే వేళకు మా సన్నాయి రికార్డే దిక్కయింది. దాని మీద పడిన దుమ్ముకు ముల్లు ఒకే చోట తిరగడం మొదలుపెట్టింది. నాయన కంగారుపడి, ఆ ఊరి కాంపౌండరు దగ్గర కాస్త స్పిరిట్ అడిగి తెచ్చి, దూదితో శ్రద్ధగా తుడిచాడు. నల్లగా నిగనిగలాడే రికార్డు చూస్తుండగానే బూడిదరంగుకు తిరిగింది. ముల్లు పెడితే సన్నాయి పోయి ఒట్టి హోరు మిగిలింది. పెండ్లికూతురి తండ్రి ఆపేయమని చెయ్యి ఊపాడు. తాళి ఆ నిశ్శబ్దంలోనే కట్టారు.

ఏడాది తిరక్కుండానే ఆ పిల్ల పుట్టింటికి వచ్చేసిందని కబురు తెలిసిన రోజు నాయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. “నా చెయ్యి మంచిది గాదప్పా, ఇంగ రికార్డులు నువ్వే చూసుకో” అని అన్నకు చెప్పాడు. ఆ తర్వాత ఆయన రికార్డును ముట్టుకోగా నేను చూడలేదు. ఒక్క రికార్డుల సంగతే కాదు, నేను నంద్యాలలో ఇల్లు కట్టుకున్నప్పుడు గడపకు పసుపు కుంకుమ పెట్టమంటే, తాను వెనక్కి జరిగి అన్న చేత పెట్టించాడు. పెద్దకొడుకు మీద ప్రేమ కాబోలని మేమంతా అనుకున్నాం.

ఏదీ తేలక చివరికి ఆళ్లగడ్డలో ఉన్న అన్నకు ఫోను చేశాను.

“ఆ పొద్దు నాయన తుడిసింది లక్క రికార్డురా. స్పిరిట్ తగిల్తే లక్క కరిగిపోతాది. నేను తుడిసినేవన్నీ ప్లాస్టిక్‌వి” అన్నాడు.

మరి నాయనకు ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నాకే సెట్టు అమ్మేటప్పుడు తెల్సింది. అప్పటికి నాయన యాడుండాడు?”

బరువుగా, వంగకుండా ఉంటే లక్కది, పలచగా కాస్త వంగితే ప్లాస్టిక్‌ది అని గుర్తులు చెప్పి, ఏదైనా సరే స్పిరిట్ జోలికి పోవద్దన్నాడు. అన్న చెప్పినట్టే మంచినీళ్లలో ఒక్క చుక్క సబ్బు కలిపి, మెత్తటి గుడ్డ తడిపి పిండి, గీతల వెంబడే గుండ్రంగా తుడిచి, నడుమ కాగితానికి తడి తగలకుండా నీడలో ఆరబెట్టాను. పాట శుభ్రంగా వచ్చింది, కోడలు సంతోషించింది. నేను మాత్రం పాట వినలేకపోయాను.

ఇప్పుడు ఏ వస్తువు చెడినా ఎందుకు చెడిందో చెప్పేవాళ్లు అరచేతిలోనే ఉన్నారు. మా రోజుల్లో అడగడానికి ఎవరూ లేక, మనిషి తన చేతినే అనుమానించుకుని బతికేవాడు. నాయన ఆ అనుమానంతోనే వెళ్లిపోయాడు. దొర్నిపాడు పెండ్లికూతురు ఎక్కడైనా ఉంటే నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. తన పెండ్లిలో సన్నాయి ఆగిపోయినందుకు ఆమె ఇన్నేళ్లూ ఎవరిని తప్పుపట్టిందో, తన రాతనేనేమో, నాకు తెలియదు.