కొండ చూడకుండా బి.ఏ.

మా వదిన ప్రైవేటుగా బి.ఏ. చదువుతోందన్న సంగతి నగరిలో మా వీధికంతా తెలుసు. అదేదో జబ్బయినట్టు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. ఇంట్లో అప్పటికే ఒక బి.ఏ. ఉన్నాడు, నేను. ఉద్యోగం లేకుండా, చదువు వల్ల కలిగే ప్రయోజనానికి సాక్ష్యంగా వాకిట్లో కూర్చునేవాణ్ణి. వదినకు పాఠాలు చెప్పడం నా పని. ఆమె రాట్నం దగ్గర నూలు కండెలు చుడుతుంటే నేను గట్టిగా చదివేవాణ్ణి. మగ్గాల చప్పుడులో మొగలాయిలు సగమే వినబడేవాళ్ళు.

చివరి ఏడాది పరీక్షల ముందు మా అవ్వ పోయింది. ఏటిసూతకం; ఏడాది దాకా ఇంట్లోవాళ్ళెవరూ కొండ ఎక్కకూడదు. పరీక్షేమో తిరుపతిలో.

"పరీక్ష కిందనే కదమా, కొండమీద కాదు గదా," అన్నాను.

"తిరుపతి దాకా పోయి సామిని సూడకుండా వచ్చేది యాడన్నా ఉండాదా? పోతే ఎక్కాల. ఎక్కకూడదు గాబట్టి పోకూడదు," అన్నది మా అమ్మ.

తర్కశాస్త్రంలో నాకొచ్చిన మార్కులు దీనికి చాలలేదు.

వచ్చే ఏటికి ఇంట్లో మరమగ్గాలు దిగుతాయి. అప్పుడిక వదినకు పుస్తకం పట్టే తీరికుండదు. రాస్తే ఈసారే రాయాలి. మా అన్న మగ్గం గుంతలో నడుము దాకా దిగి ఉన్నాడు. ఈ విషయంలో ఆయన పాత్ర అంతవరకే.

"కొండకేసి కన్నెత్తి సూడదులేమా. తల వంచుకొని పోయి, తల వంచుకొనే వస్తుంది," అన్నాను, హాస్యానికి.

అమ్మ వదినను ఎగాదిగా చూసింది. "అట్లయితే పోనీ."

నా హాస్యాన్ని మా ఇంట్లో అంత గౌరవంగా తీసుకోవడం అదే మొదలు.

బస్సు పుత్తూరు దాటినప్పటి నుంచి వదిన కొంగు కనుబొమల దాకా లాక్కుని, ఒళ్ళోకి చూస్తూ కూర్చుంది. తిరుపతిలో ఏ సందు తిరిగినా ఎదురుగా కొండే. నేను ముందు నడుస్తూ "గుంత", "సైకిలు", "ఆవు" అని చెప్పుకుంటూ పోయాను.

మొదటిరోజే పరీక్ష హాల్లో సూపర్‌వైజరుకు అనుమానం వచ్చింది. వరండాలో నిలబడిన నాకు అంతా కనబడుతోంది, వినబడుతోంది.

"ఒళ్ళో ఏముండాదమ్మా? తలెత్తు."

"ఏమీ లేదు సార్."

"లేకపోతే ఎత్తేదానికేం?"

ఆమె ఎత్తలేదు. ఆయన లేపి, తన కళ్ళెదుట కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. కిటికీ నిండా కొండే. చూసినా ఇంట్లో తెలిసేది లేదు. వదిన చెంప కాగితానికి ఆనేదాకా వంగి రాసింది. గంట మోగేవరకు ఆయన ఆమె పక్కనుంచి కదలలేదు.

ఇంటికొస్తే అమ్మ గడపలోనే అడిగింది.

"సూసినావా?"

"లేదత్తా."

"చెంపకు ఆ ఇంకు మరకేంది?"

"వంగి రాసినా గదత్తా."

పరీక్ష ఎట్లా రాసిందని అమ్మ అడగలేదు. ఆముదం వేడి చేసి తెచ్చి, వదినను పీటమీద కూర్చోబెట్టి మెడకు రుద్దసాగింది.

"కదలొద్దు, ఉండు. రేపు గూడా వంచాల గదా."