గుల్ల మోత

ఆగయ్య వేళ్లు సర్వపిండి రొట్టెను గిన్నె లోపల పలుచగా అద్దుతున్నాయి. గనిలో పైకప్పును కర్రతో తట్టి, గుల్లగా మోగితే అది కూలి మీద పడేలోపు అందరినీ తప్పించడం అతని డ్యూటీ. సెలవునాడు పొయ్యి దగ్గరా అంతే. పిండి కాలి గిన్నెను వదిలిందో లేదో గరిటెతో తడతాడు. గుల్లగా మోగగానే పిల్లలతో సహా బయటికి ఉరుకుతాడు. అది దించాల్సిన మోతని గుర్తొచ్చేసరికి మాడిపోతుంది.

"ఇయ్యాల గూడ మాడవెడితే మా తమ్ముడు ఉత్త కడుపుతోని డ్యూటీకి పోతడు," అంటూ కనకవ్వ మొగుడి మొలతాడు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

గిన్నె మోగింది. "జరుగుండ్రి!" ఆగయ్య ఎగిరాడు, మొలతాడు ఆపింది. పిల్లలకంటే ముందు ఉరికింది గని మనిషైన బావమరిది ఎల్లేశమే.

"ఏడికయ్యా? ఇది గని గాదు, మన పొయ్యి!" అంది కనకవ్వ.

ఆగయ్య కళ్లు మూసుకుని గిన్నెను పళ్లెంలో బోర్లించాడు.

"బావా, పడ్డదా?" వాకిట్లోంచి ఎల్లేశం.

"పడ్డది. పట్టు," అంటూ ఎర్రగా కాలిన సర్వపిండిని కిటికీలోంచి అందించాడు.