ఆమె వేదిక మీద చెప్పని సగం

మొన్న నిజామాబాద్‌లో మా దంతవైద్యుల సభలో నాకు శాలువా కప్పారు. కప్పించింది ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. ఇప్పుడు డెంటల్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. "నొప్పి ఉన్న పన్నే కాదు, నోరంతా చూడమని సర్ మొదటి రోజే చెప్పారు. నాకు అదే అసలు చదువు" అని మైకులో అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏమీ అనిపించలేదు. శాలువా మెడకు గుచ్చుకుంటోందని మాత్రం తెలిసింది.

ఆ మాట నేను అన్నది నిజమే. మా ప్రొఫెసర్ మాకు చెప్పినదాన్నే ఆమెకు అప్పజెప్పాను. నేను దాన్ని పాటించడం మానేసి అప్పటికే చాలా ఏళ్లయింది.

ఆమె మూడో ఏడు చదువుతూ సెలవుల్లో వచ్చింది. తండ్రి చర్చి పక్కన బట్టలు కుట్టేవాడు. తెలిసిన డాక్టర్లెవరూ లేకే బోధన్‌లోని నా క్లినిక్ గడప తొక్కింది. "కూసొని చూస్త సర్, జీతం వద్దు" అంది. ఉమ్మి లాగే గొట్టం పట్టుకొమ్మన్నాను.

ఒకరోజు చెరకు రైతు ఒకాయన పన్ను పీకించుకోవడానికి వచ్చాడు. మత్తు సూది వేసి, అది ఎక్కేదాకా చేతులు కడుక్కుంటున్నాను. ఆమె ఆయన బుగ్గను పక్కకు లాగి చూసింది.

"సర్, లోపల తెల్ల మచ్చున్నది. గట్టిగ తగులుతున్నది. ముక్క తీసి పరీక్షకు పంపాలె గద?"

బయట బెంచీ నిండా జనం.

"గుట్కా మచ్చ. ఈ దిక్కు ఎవని నోట్ల లేదు? పేషెంటును బెదిరియ్యకు. ముందుగాల నీ సదువు కానియ్" అన్నాను, అందరికీ వినబడేలా.

రైతు నవ్వాడు. "పోనీ తియ్ సారు. నా నోరు సూస్తే నా పెండ్లామే జడుసుకుంటది, గీ పోరి ఎంత!"

పన్ను పీకి పంపేశాను.

చెరకు కొట్టుడు ముగిశాక ఆయన మళ్లీ వచ్చాడు. అప్పటికి నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు. హైదరాబాద్ పంపాను. క్యాన్సరని సగం దవడ తీసేశారు. మరుసటి పంటకు ఆయన లేడు. ఆ కబురు ఆమెకూ చేరింది.

మొన్న సభ అయ్యాక బండ్ల దగ్గర ఆమెను ఆపాను. "ఆ రైతు సంగతి ఎందుకు చెప్పలే బిడ్డా?"

"నేనేం మొఖం పెట్టుకొని చెప్త సర్? మీరు కోపం జేసినంక నేను ఊకున్న. బయట ఆయన చెప్పులేసుకుంటుంటే ఒక్క మాట చెప్తే అయిపోతుండె. నేనే చెప్పలే."

ఇన్నేళ్లుగా ఆ తప్పు తనదనుకుంటోందని అప్పుడు తెలిసింది. నీది కాదు అనాలి. అనలేదు. "పొద్దువోయింది, పైలం" అని శాలువా మడిచి కారెక్కాను.

అందుకే రాస్తున్నాను. ఆ మచ్చను ఆమె చూసింది, చెప్పింది. నేను దీపం తిప్పి చూడనైనా చూడలేదు. ఆమె అప్పటికి విద్యార్థిని, డాక్టరును నేను. సభవాళ్లు వేసే పత్రికలో నా ఫొటో కింద పొగడ్తలు తీసేసి ఇదే వేయమని అడిగాను. సరేనన్నారు.

ఆమెకు ఇంకా ఫోన్ చేయలేదు.