ఇంటిపేరు పెట్టిన మనిషి

ఆసుపత్రిలో కంప్యూటర్లు, నెట్‌వర్కు చూసుకునే, అందరూ కేబులక్క అని పిలిచే ఆమె గురించి మూడు పొరపాటు మాటలు ప్రచారంలో ఉన్నాయి. ఇంటర్నెట్ వేగం పెంచిందని ఒకటి. బ్యాకప్ ఆపేసిందని మరొకటి. ఒక్క మీట నొక్కగానే అంతా చక్కబడిందన్నది మూడోది. దీన్ని పుట్టించినవాళ్లు ఆమెను మెచ్చుకునేవాళ్లే.

ఆ ఉదయం పక్షవాతంతో కుడిచేయి పడిపోయిన ఒక వడ్రంగిని తీసుకొచ్చారు. స్కాన్ చూసి మందు ఎక్కించాలో వద్దో చెప్పవలసిన డాక్టరు వేరే ఊళ్లో ఉన్నాడు. ఆయనకు పంపుతున్న స్కాన్ బొమ్మలేమో నత్తనడక నడుస్తున్నాయి.

“అక్కా, బొమ్మలు చేరడానికి ఇంకా నలభై నిమిషాలంటోంది కంప్యూటరు. మనిషికి అంత టైం లేదు!” అంటూ స్కాన్ టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చింది.

కారణం కేబులక్కకు తెలుసు. ఆసుపత్రి కంప్యూటరులోని పాత డిస్కు చెడిపోయేలా ఉందని రోగుల రికార్డులన్నీ దూరపు సర్వర్‌కు బ్యాకప్ చేస్తున్నారు. డాక్టరు చూసే బొమ్మలు వెళ్లేదీ ఆ కంప్యూటరు నుంచే, ఆ సర్వర్‌కే; రెండూ ఒకే దారిలో ఇరుక్కుంటున్నాయి.

“ఆ బ్యాకప్ ఆపేయమ్మా, పీడా పోతుంది,” అన్నాడు సూపరింటెండెంట్.

“డిస్కు ఈ పూట గడిస్తే గొప్పండీ. ఆపితే రికార్డులు గాల్లో కలిసిపోతాయి.”

ముందు ఆమె బ్యాకప్ ప్రోగ్రాము నంబరు పట్టుకుని దాన్ని వెనక్కి నెట్టబోయింది. అది క్షణానికో పిల్ల ప్రోగ్రామును కంటోంది, ప్రతి పిల్లకూ కొత్త నంబరు. “ఏం సంతానమమ్మా ఇది!” అనుకుంది. నలుగురు తోటికోడళ్ల పిల్లలను బడిలో పేరుపేరునా అడగలేక, ఇంటిపేరు చెప్పి అందరినీ ఒకేసారి పిలిపించే అలవాటు ఆమెది. ఇక్కడా అదే చేసింది. ఒక గుంపు కట్టి, తల్లి ప్రోగ్రామును అందులో చేర్చింది. ఆ గుంపు నుంచి బయల్దేరే ప్రతి డేటా పొట్లానికీ ఒకే గుర్తు పడుతుంది. ఆ గుర్తు ఉన్నవి బొమ్మల తరువాతే కదలాలని, డేటా ఆసుపత్రి దాటి బయటికి వెళ్లే గడప దగ్గర నియమం పెట్టింది. ఇకపై పుట్టే పిల్లలకు ఆ గుర్తు దానంతటదే వస్తుంది.

“అక్కా, బొమ్మలు కదల్లేదు!” అంది టెక్నీషియన్.

కేబులక్క తెర మీది జాబితా మళ్లీ చదివింది.

“తప్పు నాదే. గుంపు కట్టకముందే పుట్టి, ఇంకా పంపుతూనే ఉన్న ఆరుగురు పిల్లల్ని బయట వదిలేశాను.”

ఆ ఆరుగురినీ ఒక్కొక్కరిగా గుంపులోకి చేర్చింది. నాలుగు నిమిషాల్లో బొమ్మలు చేరాయి. మందు ఎక్కించమన్నాడు డాక్టరు. సాయంత్రానికి బ్యాకప్పూ పూర్తయింది. వడ్రంగి ఇప్పుడు కుడిచేత్తోనే ఉలి పట్టి పనిచేస్తున్నాడు.

అతనికి వైద్యం చేసింది డాక్టర్లు. ఆమె ఉన్న దారిలోనే ఎవరు ముందు వెళ్లాలో తేల్చింది, తన తప్పును తానే పట్టుకుని సకాలంలో దిద్దుకుంది.