పెంకులో మిగిలిన మూడు అక్షరాలు

మునిరత్నం గారు ఇక లేరన్న కబురు తిరుపతి ఆసుపత్రి నుంచి మొన్న తెల్లవారేసరికి చిత్తూరు చేరింది. విలేకరిగా ఎన్నో మరణవార్తలు రాసిన నా చేతికి ఈ నాలుగు మాటలు కూడడం లేదు.

యౌవనంలో ఆయన బెంగళూరులో ఒక కాలిక్యులేటర్ల కర్మాగారంలో పనిచేశారు. ఇద్దరు మిత్రులతో కలిసి ఒక చిప్‌కు రూపకల్పన చేసి, యాజమాన్యానికి తెలియకుండా దాని మూలన ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు చేర్చారు. తర్వాత కర్మాగారం మూతపడింది, చిప్ గీసిన పటాలు చిత్తుకాగితాల్లో పోయాయి, మిత్రులిద్దరూ గతించారు. ఆ అక్షరాలను ఫోటో తీసి వాళ్ల బిడ్డలకు పంపాలన్నదే చిత్తూరులో స్థిరపడ్డాక ఆయన ఏకైక సంకల్పం.

అడ్డమల్లా చిప్‌ను కప్పిన నల్లటి పెంకే. సుత్తితో కొడితే లోపలి సిలికాన్ పలక కూడా పగులుతుంది. పాత సామాన్ల అంగళ్లలో దొరికిన వేరే చిప్‌లతో దొడ్లో ఏళ్ల తరబడి సాధన చేశారు. వేడి నైట్రిక్ యాసిడ్ పెంకును తినేది. దాని ఎర్రటి పొగ ఆయన ఊపిరితిత్తుల్ని తినేది.

"ఏందప్పా, ప్రాణం మీద ఆశ లేదా?" అని నేనంటే నవ్వేవారు. "ఆశ ఉండబట్టే గదబ్బా, ఊపిరి బిగబట్టి చేస్తాండా!"

తాము చేసిన చిప్‌లు ఆయనకు దొరికినవి రెండే. మొదటిదాని పెంకు చక్కగా కరిగింది. ఆ ఆనందంలో, చేతి అలవాటున, నీళ్లతో కడిగేశారు. అంటుకుని ఉన్న యాసిడ్ నీళ్లతో కలిసి సన్నటి లోహపు గీతలన్నిటినీ హరించింది. అక్షరాలూ ఆ లోహంలోనివే. సూక్ష్మదర్శినిలో ఖాళీ పలక కనిపించింది.

"ఇద్దురినీ ఇంకోసారి సంపినానప్పా" అన్నారు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

డాక్టర్లు యాసిడ్ మానిపించారు. దాంతో ఆయన రెండో చిప్‌ను, పెంకు నిదానంగా కరిగేలా, టంకానికి వాడే రోజిన్ అనే చెట్టుబంకలో మరిగించడం మొదలుపెట్టారు. చెరకు రైతు బిడ్డ కదా, బాణలి ముందు కూర్చుంటే బెల్లం వండుతున్నట్టే ఉండేది. పోయిన వారం ఆ పొగకు దగ్గు తెరలు తెరలుగా వచ్చి కుప్పకూలారు. భార్య వల్లియమ్మ పరుగున వచ్చి పొయ్యి ఆర్పింది. "ఆర్పొద్దుమే, ఇంకా పాకం రాలా" అన్నారట. మళ్లీ మాట్లాడలేదు.

నిన్న పరామర్శకు వెళితే ఆమె బాణలి చూపింది. రోజిన్ చల్లారి బెల్లం అచ్చులా గట్టిపడింది. మధ్యలో చిప్, సగం పెంకుతో.

"నేను పొయ్యి ఆర్పకుండా ఉండుంటే, ఆయన సూసుకొనే పోయుంటాడా అన్నా?"

"ఇంకా చాలాసేపు పట్టేదమ్మా" అన్నాను.

అది నిజమో కాదో ఆ పాకం చూసి చెప్పగలిగినవారు ఒక్కరే ఉండేవారు. వారికి నా నమస్సులు.