నీళ్ళు గీసిన గీత

నిన్న లాలాగూడలో మా సందు చివర చేపల దుకాణంలో, కాళ్ళు కట్టేసి తట్టలో పెట్టిన నల్లటి పీతలు చూసి, ఇవి మడ అడవి పీతలు కదమ్మా అని అడిగాను. "అవు సారూ, కాకినాడ మాల్. గని గివి లోపల ఖాళీ. అమాసకు నిండుగుంటయ్, జెర రెండ్రోజులు ఆగుండ్రి," అన్నదామె. ఆగమన్న ఆ మాట నన్ను అక్కడే నిలబెట్టేసింది.

ఆ తీరంలోని మడ అడవిలో కలప కొట్టే కంట్రాక్టు మూడు తరాలు మా ఇంటిదే. ఇంటి గుంజలకైనా వంటచెరకుకైనా చుట్టుపక్కల ఊళ్ళన్నీ మా కొట్టుకే వచ్చేవి. మడ కట్టె నిప్పు మీద నింపాదిగా కాగిన పాల రుచి మన వయసువాళ్ళకు తప్ప ఇంకెవరికి తెలుసు! అదే అడవి మధ్య పాయలో వలలు కట్టే హక్కు జాలరులది. చెట్ల వేళ్ళ సందునే రొయ్యపిల్లలు పెరుగుతాయి కనుక అన్నీ కొట్టేస్తే వాళ్ళకు బతుకు లేదు, ఏదీ కొట్టకపోతే మాకు లేదు. అందుకని ఏటా కోతకు ముందు, సముద్రం బాగా పొంగే అమావాస్య పోటు నాడు, తాతగారూ జాలరుల పెద్దా ఒకే పడవలో వెళ్ళి, నీళ్ళు ఎక్కినంత మేరా చెట్లకు సున్నం బొట్లు పెట్టించేవారు. మొదలు తడిసిన చెట్టు రొయ్యలది, తడవనిది మాది.

నాన్నగారు మంచాన పడిన ఏడు ఆ పని నా మీద పడింది. నేను అష్టమి నాడే పనివాళ్ళతో రేవుకు వెళితే జాలరుల పెద్దాయన ఎదురొచ్చి, "అమాస దాకా ఆగండి బాబూ. గీత మీరూ నేనూ గియ్యకూడదండి, నీళ్ళే గియ్యాలి," అన్నాడు. మా మనుషులందరి ముందూ ఒక జాలరి నన్ను ఆగమనడమా అనుకుని, ఆయన లేకుండానే పడవ కదిలించాను. అష్టమి పోటు చిన్నది, నీళ్ళు పాయ అంచు దాటలేదు. అంతవరకే సున్నం పెట్టించి మిగతాదంతా కొట్టించాను.

అమావాస్యకు నీళ్ళెక్కి మోళ్ళ మధ్య నిలిచాయి. పెద్దాయన చూసి, "మీ కట్టెకి పొయ్యి దొరుకుద్ది బాబూ, మా రొయ్యకి ఇల్లేదండీ?" అన్నాడు. మరుసటి ఏడు వలలు ఖాళీగా లేచాయి. ఆయన తనవాళ్ళతో వేరే పాయకు తరలిపోతూ, తాతగారి నాటి సున్నపు పిడతను మా అరుగు మీద పెట్టించి పోయాడు.

తర్వాత సర్కారు ఆ అడవిలో కోతలే ఆపేసింది, కొట్టు మూతబడింది, నేను సికింద్రాబాదు చేరి గుమస్తాగా రిటైరయ్యాను. ఇంటిపేరు చెబితే లేచి నిలబడేవాళ్ళు ఇక్కడ లేరు. అది నన్ను బాధించలేదంటే అబద్ధమే.

ఆ పాయ మళ్ళీ పచ్చబడిందట. అక్కడిప్పుడు గొడ్డలి లేదు, ఇద్దరు ఒకే పడవ ఎక్కవలసిన పనీ లేదు. నా పక్కన కూర్చోవలసిన మనిషి అసలే లేడు.

దుకాణంలో ఆమెతో అలాగేనమ్మా అని, ఖాళీ సంచితో తిరిగి వచ్చాను. రేపు అమావాస్య.