ఆ రికార్డును అందుకునే వరకు

బోటాటౌంగ్ రేవు గిడ్డంగుల్లో తూకాల గుమాస్తాగా పనిచేసి విరమించిన సూరి, రామమందిరం భజనలో నలభై ఏళ్లు తాళాలే వాయించాడు. మాండలిన్ బాగా వచ్చినవాడు తాళాలతో ఎందుకు సరిపెట్టుకున్నాడో నేను స్వయంగా విచారించాను.

అతని తండ్రికి రేవులో ఒక నావికుడు ఇచ్చిపోయిన అమెరికా రికార్డు ఆ ఇంట్లో ఉండేది. వేరే రికార్డు లేదు. బ్లూగ్రాస్ అనే పల్లెసంగీతం తొలినాళ్లది. అట్ట మీద టోపీ పెట్టుకున్న మాండలిన్ విద్వాంసుడు, వెనుక నలుగురు మగవాళ్లు. ఆ రికార్డులో వినిపించే మాండలిన్ వేగాన్ని అందుకునే వరకు గుడిలో మాండలిన్ ముట్టనని ఇరవై ఏడో ఏట సూరి రాముడి ఎదుట ఒట్టు పెట్టుకున్నాడు.

రికార్డులోని ఆ హెచ్చు శ్రుతికి బిగించిన తీగలు తెగిపోయేవి. తెగినవి ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి, చూశాను. పాడే గొంతులు మరీ సన్నగా ఉన్నాయేమని భార్య సింహాచలమ్మ అడిగితే, "వోళ్ల ఇంటి ఆడోళ్లు పాడతారే. మరేదస్తులు, పోటో దిగరు" అని తేల్చేశాడు.

నిరుడు అతని ఎడమచేతి వేళ్లు బిగుసుకున్నాయి. ఒట్టు తీరకుండానే పోతానని బెంగపడ్డాడు. కూతురు తార లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. మొరాయించిన రికార్డు ప్లేయర్‌ను ఆమె విప్పింది.

"నాన్నా, వేగం మీట నిమిషానికి నలబై అయిదు చుట్ల కాడ తుప్పట్టి ఉండిపోనాది. రికార్డు మీద ముప్పై మూడని రాసుంది కదేటి!"

బతుకంతా అంకెలు చదివి జీతం తీసుకున్నవాడు కళ్లద్దాలు తుడుచుకుని ఆ అంకె చదివాడు.

మీట కదిలింది. రికార్డు నిదానంగా తిరిగింది. నిండైన మగగొంతులు వినిపించాయి.

"మీ మరేదస్తులకి మీసాలొచ్చినాయేటి?" అంది సింహాచలమ్మ.

యౌవనంలో సూరి ఆ తప్పుడు వేగానికి దగ్గరగా వెళ్లాడని ఇరుగుపొరుగు అంటారు. అది నిజమైతే, అట్ట మీది గురువును ఎన్నడో దాటిపోయి, తాను వెనుకబడ్డానని తాళాలు పట్టుకు కూర్చున్నాడన్నమాట. దీనికి రుజువు లేదు. నేను చూసింది ఒక్కటే: ఆ సాయంత్రం పట్టేసిన వేళ్లతో వాయిస్తే, రికార్డుకు అక్షరాలా సరిపోయింది.

శనివారం భజనకు మాండలిన్ తెచ్చాడు. మొదటి కీర్తన సగంలోనే ప్రధాన గాయకుడు వెంకట్రావు ఆయాసంతో చెయ్యెత్తాడు.

"సూరన్నా, ఊపిరి తీసుకోనియ్యవేటి? రాములోరు ఎక్కడికీ పోరు. నెమ్మది!"

సూరి శ్రుతి సరిచూసుకుంటూ, ఎంతో వినయంగా అన్నాడు:

"ఇది ముప్పై మూడే, తమ్ముడూ."